లెక్కలొచ్చిన కాకి

మా షోలాపూర్ కాకికి లెక్కలు బాగా వచ్చు.

ఇంట్లో ఆడమనిషి మూడు రోజులు మూల కూర్చుంటే, ఎందుకని పసివాళ్లు అడిగితే, ‘కాకి తాకింది’ అంటారు మరాఠీ వాళ్లు. మనవాళ్లు ‘బయట చేరింది’ అంటారు. తరాలుగా ఇక్కడి నీళ్లు తాగుతున్న పద్మశాలీలం కనుక మేం రెండూ కలిపేసుకున్నాం. కాకి తాకితే బయట చేరతాం.

ఈ కాకి ఎక్కడ వాలుతుందో గమనించారా? దేవుడి గూడు, తులసి కోట, ఆవకాయ జాడీ, బియ్యం డబ్బా, అన్నిటి మీదా వాలుతుంది. అశోక్ చౌక్ నుంచి కుంభారి బీడీ కార్మికుల కాలనీ దాకా ఏ ఇంట్లో చూసినా, బీడీల చాట మీద మాత్రం వాలదు.

‘అగో, పచ్చడి జాడీ ముట్టకు!’ అని అత్త కేకేస్తుంది.

‘మరి బీడీలు?’

‘బీడీలకేమైతది? కూసో. వెయ్యి కావాలె.’

కోడలు కూర్చుంటుంది. ఒళ్లో చాట, చాటలో తడిపిన తునికాకు, పొగాకు. ఆకు మీద రేకు ముక్క పెట్టి చుట్టూ కత్తెర తిప్పుతుంది. చిటికెడు పొగాకు వేసి చుట్టి, కొస మడిచి, దారం బిగిస్తుంది. కూలి వెయ్యికి ఇంత అని. నడుము నొప్పికి విడిగా లెక్క లేదు.

కార్ఖానాలో చెకర్ ఆకు చినిగిందని ఒక కట్ట, పొగాకు తగ్గిందని ఇంకో కట్ట పక్కకు తోస్తాడు. ‘ఏ రోజున చుట్టావమ్మా?’ అని మాత్రం అడగడు. ఆ బీడీ చేతులు మారి ఏ పెద్దమనిషి పెదాల మీదికో చేరుతుంది. ఆయన గుడి అరుగు మీద దమ్ము లాగి, ఈ కాలం ఆడవాళ్లకు మైల పట్టింపే లేకుండా పోయిందని పొగ వదులుతాడు. ఇక ఇంట్లో పిల్ల పెద్దమనిషైందా, బడికి సెలవు. ఊరికే కూర్చోవడం ఎందుకని ఒళ్లో చాట పెడతారు. ఈ పెద్దమనిషి చుట్టాలి, ఆ పెద్దమనిషి కాల్చాలి.

కాకి ఢిల్లీ దాకా కూడా ఎగిరింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు కుంకుమకూ బొట్టుబిళ్లకూ పన్ను లేదు, శానిటరీ ప్యాడ్‌కు 12 శాతం. నుదుటి మీది ఎరుపు సౌభాగ్యం, మిగతా ఎరుపు విలాసం. ఏడాది పాటు ఆడవాళ్లు గొడవ చేస్తే, 2018 జులైలో ఆ పన్ను తీసేశారు.

ఇక గుడ్డ సంగతి. తామర తూళ్ల నారతో బట్ట నేసి లోకం మానం కాపాడిన భావనారుషి సంతానం మేము. మా చాదర్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. టెర్రీ టవల్ చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందో, ఎంత నీరు పీలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. ఆ టవళ్లు నేసే మరమగ్గం పక్కనే, నెలసరికని ఇంటావిడ పాత చీర చింపుకుంటుంది. అందులో తప్పేం లేదు. మెత్తని నూలు గుడ్డను సబ్బుతో ఉతికి, మంచి ఎండలో ఆరేస్తే చాలునని డాక్టర్లే చెబుతారు. చిక్కల్లా ఆ ఎండతోనే. డాబా మీద తువ్వాళ్లు బారులు తీరి ఆరతాయి. ఆ ఒక్క గుడ్డ మాత్రం తలుపు వెనక మేకుకు, తడి చీర చాటున, సగం ఆరి మళ్లీ ఒంటికి చేరుతుంది. దురదలూ జబ్బులూ దాంతోపాటే వస్తాయి. లోకం మానం కాపాడే గుడ్డకు తన మానం కాపాడుకోవడమే పనైపోయింది.

2019 ఆగస్టు నుంచి జన ఔషధి కేంద్రాల్లో సువిధ ప్యాడ్ ఒక్కటి ఒక్క రూపాయే. ధర దిగింది, సిగ్గు దిగలేదు. ఏ దుకాణంలో అడిగినా ప్యాడ్ల పొట్లాన్ని పాత పేపర్లో చుట్టి, నల్ల కవరులో దూర్చి, దొంగసొత్తులా చేతిలో పెడతారు. పక్కనే ఒకాయన బీడీ కట్ట కొని, చొక్కా జేబులో అందరికీ కనబడేలా పెట్టుకుంటాడు.

రేపటికి ఈ కాలమ్ కూడా ఆ పాత పేపర్లలోకే చేరుతుంది. చేరనివ్వండి. దుకాణదారుకు ఒక్కటే మనవి. చుట్టేటప్పుడు ఈ అక్షరాలు పైకి కనబడేలా చుట్టండి. కాకి కూడా చదువుకుంటుంది. లెక్కలు ఎలాగూ వచ్చు.