రెక్కల గుర్రం: ‘కర్ణశూల’ వ్యాఖ్యా సహితం

మూలం: చీకటి. ఢాం. గుర్రం. రెక్కలు. ఢాం. భూగోళం. బంగారు అక్షరాలు. ఢాం. మెరుపు.

అవతారిక: రాత్రి తొమ్మిదిన్నరకి మా ఇంట్లో సీరియల్ అయిపోతుంది. అయిపోవడమంటే, అత్తగారు తలుపు సందులోంచి చూస్తుండగా బొమ్మ బిగుసుకుపోతుంది. మరుక్షణం ఆ సీరియల్ తీసిన కంపెనీవారి ముద్ర తెర మీదకి దూకుతుంది. వారానికి ఆరు రోజులు, మూడేళ్ళు. లెక్కేస్తే తొమ్మిది వందల సార్ల పైచిలుకు ఆ గుర్రం మా హాల్లోకి వచ్చిపోయింది. ముప్పై రెండేళ్ళు బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఏ పద్యాన్నీ ఇన్నిసార్లు వల్లించలేదు. ఇంతగా వల్లెకొచ్చిన మూలానికి టీక లేకపోవడం చిలకలూరిపేట పండితులకి తలవంపులని తోచి పూనుకున్నాను.

వ్యాఖ్యాతలకి ఒరవడి మల్లినాథసూరి. మనవాడే, మెదకు దగ్గరి కొలిచెలమ వాడు. కాళిదాసు కావ్యాలకి సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాశాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ రాశాడు. నేనూ ఆ ఒట్టే పెట్టుకుంటున్నాను. వ్యాఖ్యకి పేరుండాలి గనక ‘కర్ణశూల’ అని పెట్టాను. వాడుకలో చెవిపోటు.

ప్రతిపదార్థం: చీకటి, స్పష్టం. గుర్రం, స్పష్టం. రెక్కలు, సులభం. భూగోళం ఎందుకొచ్చిందో బొత్తిగా తెలియదు, కనక అత్యంత స్పష్టం. మెరుపుకి ‘తారాజువ్వలు’ అని పాఠాంతరం ఉంది. అది సంక్రాంతి వారపు ప్రతుల్లో మాత్రమే కనిపిస్తుంది.

ఇక ఢాం. ఇది అనుకరణ శబ్దం. లింగవచనాలు లేవు, విభక్తి పట్టదు, రిమోట్‌కీ లొంగదు. అంతవరకూ కోడలు గుసగుసలాడుతుంటే వినపడక నేను సౌండు పెంచి ఉంటాను. ఆ పెంచిన సౌండు మీద వచ్చి పడుతుంది. మొదటి ఢాంకి మనవడు నిద్రలో ఉలిక్కిపడతాడు. రెండోదానికి ఎదురింటి కుక్క అందుకుంటుంది. మూడోదానికి రిమోట్ దొరుకుతుంది, దుప్పటి కింద.

ఒకే పదం ముమ్మారు వస్తే పునరుక్తి దోషం కాదా అని పూర్వపక్షం. కాదనలేం. అయితే పునరుక్తిని భరించడం మా ఊరివాళ్ళకి కొత్త కాదు. మా ఊరి పేరులో ఊరూ ఉంది, పేటా ఉంది. అయినా ఒకటి ఎక్కువైందని ఇంతవరకూ ఎవరూ తీసేయలేదు. కావ్యానికి ఆత్మ ధ్వని అని ఆనందవర్ధనుడు అన్నాడు కదా, ఇదీ ధ్వనే కదా అని ఇంకొకరు లేస్తారు. అయ్యా, ఆయన కాశ్మీరంలో కూర్చుని చెప్పింది చెప్పకనే తోచే అర్థం గురించి. సబ్‌వూఫర్ గురించి కాదు.

అన్వయం: కుదరదు. అత్తాకోడళ్ళ కథకి రెక్కల గుర్రంతో సంబంధం ఏ కర్మణి ప్రయోగంతోనూ తేలలేదు. పూర్వులకి ఈ బాధ లేదు. విజయావారి జెండా తలచుకోండి. విజయుడంటే అర్జునుడు, అర్జునుడి టెక్కెం మీద కపిరాజు. వారి జెండా మీదా హనుమంతుడే. పేరుకీ బొమ్మకీ ఎంత చక్కటి పొత్తు! సురేష్ వారి ముద్రలో రెండక్షరాల మీద ఇద్దరు పిల్లలు నిలబడతారు. రామానాయుడుగారి పిల్లలేనట. కొడుకు పేరిట కంపెనీ, అక్షరాల మీద కొడుకులు. అదీ ఒక అన్వయమే. ఒకప్పుడు దూరదర్శన్ గుర్తు తిరుగుతూ వచ్చి కన్నుగా కుదురుకునేటప్పుడు వెనక రవిశంకర్ కట్టిన బాణీ దిగాలుగా సాగేది. అది వింటే ఇప్పటికీ నాకు కిరసనాయిలు దీపం వాసనే వస్తుంది. అమెరికాలో ఎం.టి.ఎం. అనే టీవీ కంపెనీ ఉండేది. సినిమా కంపెనీ సింహం గర్జిస్తుంటే, వీళ్ళు తమ కార్యక్రమాల చివర అదే చట్రంలో ఒక పిల్లికూనని కూర్చోబెట్టి మ్యావ్ అనిపించారు. పోలీసుల కథ చివర దానికి టోపీ పెట్టారు. తమని చూసి తామే నవ్వుకోగలిగినవాళ్ళు. మన గుర్రం నవ్వదు.

మెరుపుల సంగతి మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. శివరాత్రికి కోటప్పకొండకి మా చుట్టుపక్కల ఊళ్ళనుంచి విద్యుత్ ప్రభలు కదులుతాయి. తాటిచెట్లని మించిన ఎత్తు, ఒళ్ళంతా బల్బులు. ఊరంతా చందాలేసుకుని, నెల ముందునుంచే కర్రలు కట్టి, తాళ్ళు పట్టి లాక్కెళతారు. వెలుగుతుంది, ఏటికి ఒక్కసారి.

విశేషాలు: అసలు ఇలా కథ చివర తీసినవాడు వచ్చి రొమ్ము విరుచుకోవడం కొత్తగా పుట్టింది కాదు. దీని తాత ఆశ్వాసాంత గద్య. పద్యకావ్యంలో ఆశ్వాసం ముగిసిందంటే కవి ఒక పొడుగాటి వచనం ఎత్తుకుంటాడు. తిక్కన ఉభయకవిమిత్రుణ్ణని చెప్పుకుంటాడు, కొమ్మనామాత్యుడి కొడుకునంటాడు. పోతన కేసన మంత్రి పుత్రుణ్ణనీ, సహజ పాండిత్యం తనదనీ అంటాడు. బళ్ళో పిల్లలు దీన్ని దాటేస్తారు. నేను దాటనిచ్చేవాణ్ణి కాదు. ఎందుకంటే భాగవతంలో ఐదో స్కంధం బొప్పరాజు గంగనదనీ, ఆరోది ఏర్చూరి సింగనదనీ, చివరి రెండూ వెలిగందల నారయవనీ మనకెలా తెలిసింది? గద్యల వల్ల. అట్ట మీద ఒక్క పోతన పేరే ఉండనీ, లోపల తలా ఒక చెయ్యి వేసినవాళ్ళు తమ తమ స్కంధాల చివర చెక్కుచెదరకుండా కూర్చునున్నారు. తాళపత్రాలకి చెదలు పట్టాయి, ఎత్తిరాసేవాళ్ళు తప్పులు రాశారు, అయినా పేర్లు పోలేదు.

గద్య మాట వచ్చాక అద్దంకి వెళ్ళకుండా ఉండలేను. మాకు బస్సులో గంట ప్రయాణం. అక్కడే ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఎఱ్ఱన ఉండేవాడు. తెలుగు భారతం మొదలెట్టిన నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో శరద్రాత్రుల దగ్గర ఆగిపోయాడు. తిక్కన ఆ జోలికే పోకుండా విరాటపర్వంతో మొదలెట్టాడు. ఆ ఖాళీ దాదాపు మూడు వందల ఏళ్ళు అలాగే ఉంది. ఎఱ్ఱన దాన్ని పూరించాడు. తన రాజుకి అంకితమిచ్చుకోవచ్చు, తన పేరు మోగించుకోవచ్చు, అడిగేవాడు లేడు. ఆయన మాత్రం ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితం చేసి, నన్నయ రచన లాగానే నడిపించాడు. మొదట్లో నన్నయ పోకడ, పోనుపోనూ తిక్కన తీరు. అతుకు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే పెద్దపెద్దవాళ్ళు తడబడతారు. చివర్లో, అడుగున, పూరించింది నేనని చెప్పుకున్నాడు. అంతే. గుర్రం లేదు.

ఎక్కడున్నాం? ఆ, ఢాం దగ్గర.

నా గొడవ నిజానికి గుర్రంతో కాదు. దానికి ముందు వచ్చేదానితో. మూలంలో దాన్ని ఎందుకు చేర్చలేదంటారా? చదవగలిగితే కదా చేర్చేది! బొమ్మ బిగుసుకోగానే తెర రెండు ముక్కలవుతుంది. పెద్ద ముక్కలో రేపటి సీరియల్ ప్రోమో. ఎడమ పక్క, బొటనవేలంత పట్టీలో, మాటలు రాసినవాడు, లైట్లు మోసినవాడు, మేకప్ వేసినావిడ, డ్రైవర్లు, అందరూ చీమల బారులా కిందనుంచి పైకి పరుగు. ఫోన్లో గడియారం పెట్టి చూశాను. పేర్లన్నిటికీ కలిపి ఆరు సెకండ్లు. గుర్రానికి పదకొండు. వంద మంది గద్య ఆరు సెకండ్లలో చదివించి, ఒక్కడి గద్యకి ముమ్మారు డప్పు కొట్టే ఆశ్వాసం ఏ లాక్షణికుడి గ్రంథంలోనూ లేదు.

ఇది నాకెలా పట్టిందంటే, మా పక్కింటావిడ వల్ల. కళామందిర్ సెంటర్లో జాకెట్లు కుట్టడం నేర్చుకున్న వాళ్ళబ్బాయి హైదరాబాదు వెళ్ళి, కృష్ణానగర్లో గది తీసుకుని, ఈ సీరియల్‌కే కాస్ట్యూమ్స్ అసిస్టెంటుగా కుదిరాడు. కోడలు కట్టే పట్టుచీరల జాకెట్లు వాడి చేతివే. ఆవిడకి చదువు రాదు. పగలల్లా మిరపకాయల తొడిమలు తీసి వచ్చి, రాత్రి తొమ్మిదింటికి మా హాల్లో గడప పక్కన కూర్చుంటుంది. చేతులు రెండూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుంటుంది. ఎన్నిసార్లు కడిగినా ఘాటు పోదు. కన్ను దురద పెడితే భుజం ఎత్తి రవికతో తుడుచుకుంటుంది గానీ చెయ్యి పెట్టదు.

పేర్లు మొదలవగానే ఆవిడ తెర వంక చూడదు. నా వంక చూస్తుంది. “మాస్టారూ, కళ్ళజోడు పెట్టుకున్నారా? మావోడి పేరు పడిందా?”

సంధులు విడదీయగలను, సమాసాలకి విగ్రహవాక్యాలు చెప్పగలను, శ్లేషలో రెండో అర్థం లాగగలను. ఆ పట్టీలో ఒక కుర్రవాడి పేరు మాత్రం ఇన్ని నెలల్లో ఒక్కసారీ పట్టుకోలేకపోయాను. రోజూ “అయ్యో, వెళ్ళిపోయిందమ్మా” అనే చెప్పేవాణ్ణి. మొన్న రాత్రి మల్లినాథుడి ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

“పడిందమ్మా. బాగా పడింది.”

“పైనుంచి ఎన్నోది మాస్టారూ?” అంది.

అప్పటికే గుర్రం దూకేసింది.