జీఎం గారు

డాలస్ శివార్లలో, ఫ్రిస్కో వైపు, తెలుగువాళ్లు కాపురాలుండే ఏ వీధికి వెళ్లినా ఇలాంటి ఆయన ఒకడు తగులుతాడు. పగలంతా ఏదో బ్యాంకుకి జావా కోడు రాస్తాడు. రాత్రి పది దాటాక డాలస్ మావరిక్స్ బాస్కెట్‌బాల్ జట్టుకి జనరల్ మేనేజరు. ఈ రెండో ఉద్యోగం సంగతి ఆ జట్టుకి మాత్రం ఇంతవరకూ తెలియదు. మా వీధాయన్ని మేమందరం జీఎం గారనే పిలుస్తాం. ఆయన కూడా ఎప్పుడూ కాదనలేదు.

సొంతూరు తెనాలి. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. చిన్నప్పుడు గానీ పెద్దయ్యాక గానీ బాస్కెట్‌బాల్ ముట్టుకున్న దాఖలా లేదు. ఆట చూడటం కూడా ఆయనకంత ఇష్టముండదు, అది స్కౌట్లు చూసుకోవాల్సిన పనట. అందరం టీవీ ముందు కూర్చున్నామనుకోండి, ఎవడో ఆకాశానికెగిరి బంతిని రింగులో కుక్కుతాడు, మేం సోఫాల మీంచి లేచి కేకలు పెడతాం. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే, "వీడికి వచ్చే ఏడు ప్లేయర్ ఆప్షనుంది, ఉండడు" అంటాడు. ఆటగాళ్ల పేర్లు ఒక్కోసారి నోటికి రావు. కాంట్రాక్టులు మాత్రం తడుముకోకుండా వస్తాయి. "అదేనండీ, ఆ మూడేళ్ల వాడు, చివరి ఏడాదికి గ్యారంటీ లేదూ, వాడు!"

సాలరీ క్యాప్ అంటే ఏమిటండీ అని అడిగారా, ఇక ఆ సాయంత్రం మీది కాదు. 1984-85 సీజన్లో ఒక్కో జట్టుకి 36 లక్షల డాలర్లతో మొదలైన జీతాల పరిమితి 2024-25కి 14 కోట్ల డాలర్లు దాటిందని మొదలుపెడతాడు. "మరి మనవాళ్లు అంతకంటే ఎక్కువే ఇస్తున్నారుగా?" అని మీరు అడిగేదాకా ఆగుతాడు. అడగ్గానే మొహం వెలిగిపోతుంది. పరిమితి ఉంది కానీ దాటొచ్చు. సొంత ఆటగాణ్ణి నిలబెట్టుకోవడానికైతే గీత దాటి ఇచ్చుకోవచ్చు, ఆ వెసులుబాటుకి ఆటగాడు ల్యారీ బర్డ్ పేరు పెట్టారు. ఇంకా పైకెళితే లగ్జరీ ట్యాక్సు. దానిపైన మొదటి ఏప్రన్ అనే ఇంకో గీత. ఆపైన, 2023 ఒప్పందంతో వచ్చిన రెండో ఏప్రన్, 2024-25 లెక్కలో దాదాపు 19 కోట్లు. ఇక్కడికొచ్చేసరికి ఆయన గొంతు తగ్గుతుంది. ఆ గీత దాటిన జట్టు ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోలేదు. బేరంలో నగదు ఇవ్వలేదు. ఏడేళ్ల తర్వాత రావాల్సిన మొదటి రౌండ్ పిక్కుని, అంటే డ్రాఫ్టులో కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే హక్కుని కూడా ఎవరికీ ఇవ్వడానికి వీల్లేకుండా కట్టిపడేస్తారు.

"డబ్బున్నోడికి జరిమానా ఒక శిక్షటండీ? కట్టేసి పోతాడు. చేతులు కట్టెయ్యాలి!" అని అరచెయ్యి బల్లమీద చరుస్తాడు. నిజం చెప్పొద్దూ, ఈ ఒక్క విషయంలో ఆయనన్నది సబబే. 2024లో కప్పు గెలిచిన బోస్టన్ జట్టు, ఏడాది తిరగ్గానే తన ముఖ్య ఆటగాళ్లలో హాలిడేనీ పోర్జింగిస్‌నీ వదులుకుంది. వాళ్లు ఆడలేక కాదు, ఆ గీత కిందికి దిగాలి కాబట్టి.

పిక్కుల మీద ఆంక్షలు కొత్తేం కాదు. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ జట్టు యజమాని టెడ్ స్టెపియన్ భవిష్యత్తు పిక్కుల్ని ఎడాపెడా ఇచ్చేశాడు. రాబోయే ఏళ్లలో వరసగా రెండేళ్లు మొదటి రౌండ్ పిక్కు లేకుండా ఏ జట్టూ బేరం చేసుకోకూడదన్న నిబంధన ఆయన పుణ్యమే. తాత పొలాలు అమ్ముకు తిన్న పెదనాన్నని తలుచుకున్నట్టు తలుచుకుంటాడు స్టెపియన్‌ని మా జీఎం గారు.

ఇంట్లో ఆర్థిక శాఖ వాళ్లావిడది. అక్కడ మినహాయింపులూ ఏప్రన్లూ నడవవు. ఒకసారి పాలకని కాస్ట్‌కోకి పంపితే ఈయన కారు నెత్తిన చిన్న పడవ కట్టుకుని వచ్చాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి, "దీన్ని ఏ ఎక్సెప్షన్ కింద కొన్నారండీ?" అని అడిగింది. మర్నాడు పడవ వెనక్కి వెళ్లిపోయింది. పాలు ఆవిడే తెచ్చుకుంది.

ఇంత మెత్తని మనిషి అర్ధరాత్రి ట్రేడ్ మెషీన్, అదే ఆటగాళ్ల బేరాలు ఉత్తుత్తిగా చేసి చూసే వెబ్‌సైటు, తెరిస్తే కసాయే. ఒకడికి మొన్ననే బిడ్డ పుట్టి ఉంటుంది, ఇంకొకడు నిన్ననే ఇల్లు కొనుక్కుని ఉంటాడు, వాళ్లని మిల్వాకీకో శాక్రమెంటోకో పంపేసి ఆవులిస్తూ వెళ్లి పడుకుంటాడు. జట్టుకి ప్రాణమైన లూకా డాన్చిచ్‌ని కూడా ఒకసారి అమ్మి చూశాడట. "ఊరికే, చెల్లుతుందో లేదోనని" అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ.

2025 ఫిబ్రవరి 1, శనివారం, అర్ధరాత్రి కావస్తుండగా నిజం జనరల్ మేనేజర్ నికో హారిసన్ ఆ పని నిజంగానే చేసేశాడు. అంతకు ముందు ఏడే జట్టుని ఫైనల్‌కి తీసుకెళ్లిన ఇరవై అయిదేళ్ల కుర్రాణ్ణి లేకర్స్‌కిచ్చి, ఆంథొనీ డేవిస్‌నీ, మాక్స్ క్రిస్టీనీ, 2029 పిక్కు ఒకదాన్నీ తెచ్చుకున్నాడు. వీధి వీధంతా లేచి కూర్చుంది. జీఎం గారు మాట్లాడకుండా మెషీన్ తెరిచి బేరాన్ని ఎక్కించాడు. లూకాదీ డేవిస్‌దీ జీతాలు చెరో 4.3 కోట్లు. "చెల్లుతుంది" అన్నాడు. అంత దిగులుగా ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. ఏదైనా ఒక నిబంధన తప్పి ఉంటే ఆయనకి ఊరటగా ఉండేది. పైగా, లూకాకి ఆ వేసవిలో ఇవ్వాల్సొచ్చే అయిదేళ్ల 34.5 కోట్ల కాంట్రాక్టుతో ఏప్రన్ కింద బతకలేమని ఏడాదిగా మాకు పాఠం చెప్పింది ఈయనే! లెక్కలో తిట్టడానికి ఏమీ దొరక్క, చివరికి తెనాలి భాషలో తిట్టాడు. తెచ్చుకున్న డేవిస్ మొదటి ఆటలోనే గాయపడ్డాడు. నికోని పీకెయ్యమని స్టేడియంలో జనం అరుస్తుంటే వాళ్ల మధ్య ఈయన గొంతూ ఉంది.

ఏప్రిల్ 9న లూకా లేకర్స్ బట్టల్లో డాలస్ వచ్చాడు. పాత ఆటల వీడియో వేస్తే బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు, ఆ తర్వాత లేచి 45 పాయింట్లు కొట్టాడు. ఆ రాత్రి జీఎం గారు ఫోను పక్కగదిలో పెట్టేసి ఆట మొత్తం చూశాడు. వాళ్లావిడ జ్వరమేమోనని నుదురు ముట్టుకు చూసింది.

ఈ దుఃఖమంతా మే నెల దాకానే. 1.8 శాతం అవకాశంతో డ్రాఫ్ట్ లాటరీ మావరిక్స్‌కి తగిలి, అందరూ కోరుకుంటున్న కుర్రాడు కూపర్ ఫ్లాగ్ వస్తాడని ఖాయమైపోయింది. "రూకీ స్కేలండీ! వాడెంత బాగా ఆడినా నాలుగేళ్లు జీతం ముందే రాసిపెట్టి ఉంటుంది!" అని తెల్లారేసరికి ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. నవంబరులో నికోని తీసేసినప్పుడైతే పండగే చేసుకుంటాడనుకున్నాం. ఒక్క మాటా అనలేదు. రెజ్యూమె దిద్దుకుంటున్నాడని వాళ్లావిడ మెల్లగా చెప్పింది.

ఆ ఉద్యోగానికి పిలుపు రాలేదు గనక, ప్రస్తుతానికి మా ఆదివారం వాలీబాల్ జట్టుని నడుపుతున్నాడు. అందులో ఎవరికీ పైసా జీతం లేదు, అయినా ఆయన దగ్గర స్ప్రెడ్‌షీట్ ఉంది. పోయిన వారం నన్ను ప్లేనో జట్టుకి పంపేశాడు. మోకాళ్లు అరిగిన దీర్ఘకాలిక కాంట్రాక్టునట నేను. బదులుగా వాళ్ల లిఫ్టరుకి ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్న మేనల్లుడొకడున్నాడు, కుర్రాడు బాగా స్మాష్ కొడతాడట, వాడి మీద హక్కులు రాయించుకున్నాడు.

"వాడు ఇక్కడే ఉంటాడని ఏంటి అన్నగారూ నమ్మకం?" అన్నాను.

"పిక్కు ప్రొటెక్షన్ పెట్టించానుగా! ఈ ఏడు హెచ్‌1బీ లాటరీ తగిలితే కుర్రాడు మనవాడు. తగలకపోతే వచ్చే ఏటికి వాయిదా. అప్పుడూ తగలకపోతే రెండు కొత్త బంతులూ ఒక నెట్టూ ఇస్తారు."