మేత లెక్క

మొగల్తూరులో మా బాబాయికి చేపల చెరువు, గట్టు దిగితే రెండెకరాల వరిచేను ఉన్నాయి. ఆరోగ్యమైన మనిషే గానీ ఈమధ్య పొట్ట బరువుగా ఉంటోందనీ ఆయాసమొస్తోందనీ అంటుంటే భీమవరం తీసుకెళ్లి స్కానింగ్ తీయించాం. ఫ్యాటీ లివర్, గ్రేడ్ టూ అని తేలింది.

"మందు చుక్క ముట్టనండీ, నాకెందుకొచ్చిందండీ ఇది?" అని బాబాయి డాక్టరుగారిని అడిగాడు.

తాగనివాళ్లకీ వస్తుందన్నారాయన. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు చాలావరకు దిగుతుందనీ, అన్నం సగం చేసి కూర రెట్టింపు చెయ్యాలనీ, రోజూ నడవాలనీ, పీచు పెంచాలనీ వివరంగా చెప్పారు. వాటిలో బాబాయి చెవికెక్కింది ఆ చివరిదొక్కటే.

హైదరాబాదు నుంచి కొడుకు పీచు పొడి డబ్బాలు పంపించాడు. రాత్రి భోజనమయ్యాక గ్లాసుడు నీళ్లలో రెండు చెంచాలు కలుపుకుని తాగడం మొదలుపెట్టాడు. కంచంలో మాత్రం ఏ మార్పూ లేదు. పప్పులోకి ఓసారి, పులుసులోకి ఓసారి, పెరుగులోకి ఓసారి అన్నం పడాల్సిందే, చివర్న మామిడిపండు ఉండాల్సిందే. పిన్ని నోరు తెరిస్తే "పొడి వేసుకుంటున్నాగా!" అనేవాడు.

పీచును నేను తక్కువ చెయ్యను. మనకు అరగని పీచులో కొంత పెద్దపేగులోని సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. అవి దాన్ని పులియబెట్టి, పేగు గోడకు బలమిచ్చే ఆమ్లాలు తయారుచేస్తాయి. పేగుల నుంచి బయల్దేరిన రక్తం ముందుగా కాలేయానికే చేరుతుంది కాబట్టి పేగు బాగుంటే దానికీ మేలే. కానీ మూడుపూటలా అవసరానికి మించి అన్నం, తీపి దిగుతుంటే ఆ మిగులును కాలేయం కొవ్వుగా మార్చి దాచుకోక ఏం చేస్తుంది?

నాకు అంతకన్నా బాధ కలిగించేది మిల్లు దగ్గర జరిగేది. బియ్యం మల్లెపువ్వులా ఉండాలని బాబాయి దగ్గరుండి పాలిష్ పట్టిస్తాడు. పీచూ బి విటమిన్లూ ఉన్న తవుడంతా చిల్లుల సంచుల్లోకెక్కి చెరువులో చేపలకు పోతుంది. వందేళ్ల కిందట మర పట్టిన తెల్లబియ్యం తినే మన సర్కారు జిల్లాల్లో బెరిబెరి జనాన్ని పట్టి పీడించింది. ఆ జబ్బు సంగతి తేల్చడానికి 1918లో కూనూరులో పెట్టిన చిన్న విభాగమే ఎదిగి ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. తవుడు పోగొట్టుకుంటే ఏమవుతుందో ఒకసారి అనుభవించిన నేల మనది. ఇప్పుడు మళ్లీ అదే తవుడును చెరువులోకి పంపి, పీచును డబ్బాలో కొనుక్కుంటున్నాం.

ఎండాకాలంలో చెరువులో చేప ఎదుగుదల ఆగింది. మేతకు లోటు లేదు, తూకం మాత్రం రావడం లేదు. ఆక్వా మందులమ్మే కుర్రాడొచ్చి వల వేయించి, ఒక శీలావతిని కోసి చూపించాడు. ముదురు ఎరుపులో ఉండాల్సిన కాలేయం పాలిపోయి పసుపు తిరిగింది. ముట్టుకుంటే వేలికి జిడ్డు అంటింది.

"లివర్‌కి కొవ్వు పట్టేసిందండీ. మా దగ్గర మంచి పొడి ఉంది. మేతలో కలిపి వేశారంటే..." అంటూ సంచీ విప్పబోయాడు.

బాబాయికి చిర్రెత్తుకొచ్చింది. "నలభయ్యేళ్లుగా చెరువు చేస్తున్నానయ్యా, నాకు చెబుతావా? మేత తగ్గించకుండా పొడి కలిపితే కొవ్వెలా కరుగుద్ది? మేత ఎక్కువై వచ్చిన జబ్బు మేత తగ్గిస్తేనే పోద్ది!" అని అక్కడికక్కడే పాలేరును కేకేశాడు. "ఒరేయ్, రెండ్రోజులు సంచులు కట్టకు. ఆ తరవాత సగమే కట్టు."

టీ తెచ్చిన పిన్ని గట్టు మీద నిలబడి అంతా వింది. ఏమీ అనలేదు.

ఆ రాత్రి బాబాయి పీట మీద కూర్చున్నాడు. కంచం నిండా బీరకాయ కూర, ఓ పక్కన చిన్న ముద్దంత అన్నం. పొడి డబ్బా ఎక్కడా కనబడలేదు.

"ఇదేంటే? అన్నం అయిపోయిందా? నా పొడేదీ?" అన్నాడు.

పిన్ని అన్నం గిన్నె మీద మూత పెట్టేసింది.

"పొద్దున్న మీరే అన్నారు కదండీ, మేత తగ్గించకుండా పొడి కలిపితే కొవ్వు కరగదని. చేపలకు తెలిసిన వైద్యం మీకు మాత్రం పనికిరాదా?"