ఆయనకు అధికారం లేదండీ!

ఊళ్లో బీమా ఏజెంటు గారిని గుర్తుపట్టడం కష్టం కాదు. చంకలో జిప్పు సంచి, జేబులో రెండు పెన్నులు. ఎవరింట్లో పిల్లాడు పుట్టినా మేనమామ కంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ప్రపోజల్ ఫారం ఆయనే నింపుతారు. మీకు బీపీ ఉందో లేదో కూడా ఆయనే తేల్చేస్తారు. మీ వంతు సంతకం ఒక్కటే. ప్రీమియం గడువు దగ్గర పడితే, "ఎండలో మీకెందుకండీ శ్రమ, ఇలా ఇవ్వండి, నేను కట్టేస్తాగా" అంటారు. ఇస్తాం. ఇంతకీ ఆయన ఎవరి మనిషి?

ఈ ప్రశ్నకి జవాబు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఉంది. పదో అధ్యాయం మొత్తం, 182 నుంచి 238 దాకా సెక్షన్లన్నీ ఏజెన్సీ సంగతే. చదువుతుంటే కడుపు నిండిపోతుంది. అధికారం కాగితం మీదే ఇవ్వాలని లేదు. వ్యవహారం నడిచే తీరును బట్టి కూడా ఉన్నట్టే లెక్క. 237వ సెక్షన్ మరీ ధారాళం. ఏజెంటుకి అధికారం ఉందని యజమాని తన మాటతోనో నడతతోనో జనాన్ని నమ్మిస్తే, తీరా పీకల మీదికొచ్చాక లేదనడానికి వీల్లేదు. చట్టం అక్కడితో మూసేసినవాళ్లు అదృష్టవంతులు. తీర్పులు కూడా చదివితేనే నిద్ర చెడుతుంది.

ఒకాయన 1986లో జీవిత బీమా సంస్థ దగ్గర నాలుగు పాలసీలు తీసుకున్నారు, ఒక్కోటి 25 వేలకి. 1987 మార్చిలో కట్టాల్సిన అర్ధ సంవత్సరం వాయిదా తప్పింది. జూన్‌లో ఏజెంటు వచ్చి బేరర్ చెక్కు పట్టుకెళ్లాడు. చెక్కు మర్నాడే డబ్బయింది. ఆ డబ్బు సంస్థ గుమ్మం తొక్కడానికి మాత్రం ముహూర్తం దొరకలేదు. ఆగస్టు 9న పాలసీదారు ప్రమాదంలో పోయారు. ఆగస్టు 10న ఏజెంటు గారికి కర్తవ్యం గుర్తొచ్చింది, వెళ్లి కట్టేశారు. చావు కబురు చల్లగా చెప్పినవాళ్లని చూశాం గానీ, చావు ప్రీమియం చల్లగా కట్టినవాణ్ణి ఇక్కడే చూస్తాం.

క్లెయిమ్ ఇవ్వం పొమ్మంది సంస్థ. ప్రీమియం వసూలు చేసే అధికారం ఏజెంట్లకు లేదని 1972 నాటి తమ నిబంధనల్లోనే ఉందని చూపించింది. 1997లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అధికారం ఉందని సంస్థ ఎవర్నీ నమ్మించిన దాఖలా లేదు కనుక, 237 కూడా చెయ్యందించలేదు. రాసున్న నిబంధనని కోర్టు ఎలా చెరుపుతుంది లెండి! నా బాధల్లా ఆ నిబంధన కాపురముండే చోటు గురించి. అది రూల్సు పుస్తకంలో ఉంటుంది, ఏజెంటు గారి బీరువాలో నియామక పత్రంలో ఉంటుంది. మనింటికొచ్చేది సంస్థ పేరున్న క్యాలెండరు, డైరీ, ఆ సంచి, ఆ నవ్వూను. ఇవన్నీ చూసి నమ్మితే అది మన అమాయకత్వం కిందికే వస్తుంది తప్ప సంస్థ నడత కిందికి రాదు.

ఏజెంట్లతో గొడవ ఎందుకని బ్యాంకు ఉద్యోగినే నమ్ముకుందామా? అలహాబాద్‌లో ఒకావిడ ఆ పనే చేసింది. ఖాతా ఇంపీరియల్ బ్యాంకులో, అదే తర్వాత స్టేట్ బ్యాంకయింది. ఆ బ్యాంకు ఉద్యోగి పొరుగింటాయనే, భర్తకి స్నేహితుడు కూడా. నగదూ చెక్కులూ ఆయన చేతికే ఇచ్చేది. పాస్‌బుక్‌లో జమలు చక్కగా పడేవి, బ్యాంకు ఖాతాలో మాత్రం పడేవి కావు. 1978లో సుప్రీంకోర్టు ఏం తేల్చిందంటే, ఆయన డబ్బు పుచ్చుకున్నది పొరుగువాడిగా, స్నేహితుడిగా, అంటే ఆవిడ తరఫు మనిషిగా. బ్యాంకుకి సంబంధం లేదు. కాబట్టి ఇకనుంచి చేతిలో డబ్బు పెట్టేముందు, "అన్నయ్యగారూ, ఈ నిమిషంలో మీరు బ్యాంకా, పక్కిల్లా?" అని తేల్చుకోవాలి. అడిగిన మర్నాటినుంచి వాళ్లావిడ తోడుకి పెరుగివ్వదు, అది వేరే నష్టం.

ఎప్పుడూ ఇంతేనా అంటే, కాదు. ఢిల్లీలో ఒక విద్యుత్ సంస్థ ఉద్యోగి జీతంలోంచే ప్రీమియం కోసి కట్టే పథకంలో చేరాడు. ఆ సంస్థ ప్రీమియం సరిగ్గా పంపలేదు, ఆయన పోయాడు. 1999లో సుప్రీంకోర్టు విద్యుత్ సంస్థనే బీమా సంస్థకి ఏజెంటుగా లెక్కగట్టి, పైకం బీమా సంస్థే ఇవ్వాలంది. సంచి మోసే ఏజెంటుకి లేని అధికారం కరెంటాఫీసుకి దక్కింది. అసలు ఏజెంటు ఏజెంటు కాడు, ఏజెంటు కానివాడు ఏజెంటు. వేదాంతం అర్థం కానివాళ్లు ఇక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు.

మనవాళ్లకి ఈ చట్టం కొత్తదేం కాదు. సుందరకాండే తీసుకోండి. హనుమంతుడికి అప్పగించింది సీతమ్మ జాడ తియ్యడం, ఉంగరం అందించడం. అశోకవనం పీకమని ఎవరూ అనలేదు, లంక తగలబెట్టమని అసలే అనలేదు. అయినా రాముడు "ఉంగరం వరకే నా పూచీ, నిప్పు సంగతి నాకు తెలీదు" అనలేదు, కౌగిలించుకున్నాడు. కాంట్రాక్టు చట్టం దీన్నే 196లో ఆమోదమంటుంది. ఒక ముక్క ఆమోదిస్తే మొత్తం ఆమోదించినట్టేనని 199 చెబుతుంది. మన కంపెనీలు కూడా రామభక్తులే. వ్యాపారం తెచ్చినంతకాలం కౌగిలి, క్లెయిమ్ రాగానే "ఈ కోతి ఎవరిదండీ?"

అదే మనం యజమాని కుర్చీలో కూచుంటే అంతా తలకిందులు. డాలస్ అబ్బాయి శంషాబాద్ దగ్గరి ప్లాటుకి ముళ్లకంచె వేయించమని బావమరిదికి జీపీఏ, అంటే తన తరఫున పనులు చక్కబెట్టే అధికార పత్రం, పంపుతాడు. డాక్యుమెంటు రైటరు దగ్గర ఉన్న నమూనా ఒకటే: అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, కట్టడానికి, కూల్చడానికి, పైకం పుచ్చుకోడానికి, దావా వెయ్యడానికి. కంచె ఒక్కటీ అందులో ఉండదు. రిజిస్టరు దస్తావేజు లేకుండా వట్టి జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కాగితాలతో ఆస్తి చేతులు మారదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. సంతోషమే. కానీ ఈ జీపీఏలో దస్తావేజు రిజిస్టరు చేసే అధికారం కూడా ఉంది, ఆ సంగతి బావమరిదికి తెలుసు.

అందుకే నాదొక విన్నపం. సిగరెట్ పెట్టె మీద బొమ్మ వేసినట్టు, ఏజెంటు గారి సంచి మీద పెద్ద అక్షరాలతో "ఈ సంచి మోసేవారికి మీ డబ్బు పుచ్చుకునే అధికారం లేదు" అని అచ్చెయ్యాలి. ఈ మాట మా ఏజెంటు గారితోనే అన్నాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. సంచి మీద సంస్థ పేరుకే చోటు చాలట్లేదని, క్యాలెండర్లో వేద్దామంటే రాహుకాలం, వర్జ్యం తీసెయ్యాల్సొస్తుందని వివరంగా చెప్పి, "ఈ నెల వాయిదా ఇచ్చేస్తారా మరి?" అన్నారు.