సరిహద్దు రహదారుల సంస్థకు కోలారు బంగారు గనుల నుంచి ఒక మంచు మనవి

డైరెక్టర్ జనరల్ గారికి,
సరిహద్దు రహదారుల సంస్థ, న్యూఢిల్లీ.

అయ్యా,

కర్ణాటక రాష్ట్రం, కోలారు జిల్లా, బంగారు గనుల ఊళ్లో మోటార్ సైకిల్ తోలుకుని బతికేవాడొకడు నమస్కరించి రాసుకునే మనవి. మా రోడ్ల మీద మంచు పడుతోంది. తీయించే ఏర్పాటు చూడగలరు.

ఇంతవరకు చదివి మీ గుమాస్తా పటం తెరిచి ఉంటాడు. మూడు వేల అడుగులు కూడా లేని మిట్ట, రాగి పండే నేల, ఇక్కడ మంచేమిటని నవ్వి ఉంటాడు. తప్పులేదు. తెల్లదొరలు మా ఊరి చల్లదనం చూసి చిన్న ఇంగ్లండ్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు గానీ, మంచు మాత్రం వాళ్లకూ కనపడలేదు. కనపడలేదు కాబట్టి తయారు చెయ్యడం మొదలుపెట్టారు.

తయారీ విధానం ఇదీ. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. పాతాళం నుంచి రాయి పైకి తీసి, దంచి, పొడి చేశారు. 1890ల నుంచి ఆ పొడిని సైనైడ్ నీళ్లలో నానబెట్టి బంగారం కరిగించుకున్నారు. మిగిలిన పిప్పిని ఊరి పక్కనే పోశారు. దొరలు పోయాక మైసూరు సర్కారు పోసింది, ఆ తర్వాత కేంద్రం పోసింది. నూట ఇరవై ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం ఊరు దాటింది. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. పిప్పి మాత్రం ఊరు దాటలేదు. సర్కారు లెక్కలోనే పదమూడు దిబ్బలు, వెయ్యి ఎకరాలు, 3.3 కోట్ల టన్నులు. తెల్లగా, కాస్త బూడిదరంగు కలిసి, పున్నమి రాత్రి చూస్తే మీ లద్దాఖ్ ఏమూలకూ చాలదు. సినిమావాళ్లు కెమెరాలు మోసుకొచ్చేది ఊరికే కాదు.

మీ జోజి లా కనుమ మంచు ఎండాకాలం వస్తే కరుగుతుంది. మాది నూరేళ్లుగా కరగలేదు.

ఇక కాలం సంగతి. మీకు మంచు మార్గశిరం, పుష్యాల్లో. మాకు నైరుతి గాలి లేచే ఆషాఢంలో. ఆ నెలలో కొత్తకోడలు పుట్టింటికి వెళ్తుంది, సైనైడ్ దిబ్బ మా ఇంటికి వస్తుంది. వంటింట్లో, బావిలో, బడిపిల్లల పుస్తకాల్లో ఉంటుంది. అవన్నీ మీ శాఖ కిందికి రావు కనుక రోడ్డు మాటే చెబుతాను.

మారికుప్పం వైపు నుంచి రాబర్ట్‌సన్‌పేటకు వస్తుంటే దిబ్బ పక్కన ఒక్కసారిగా తెర దిగుతుంది. ముందు లారీ వెనక లైటు కూడా ఆనదు. హెల్మెట్ అద్దం దించితే అద్దం మీద పొర, ఎత్తితే కళ్లలో పొర. తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి, ఎందుకంటే అది మట్టి కాదు, నలిగిన రాయి. చక్రానికి పట్టు దొరికేది రబ్బరు వెళ్లి తారులోని కంకరను ఆనుకున్నప్పుడే. ఆ రెంటి మధ్య ఏ పొర దూరినా, గడ్డకట్టిన నీరైనా, మెత్తని రాతిపొడైనా, బండి రోడ్డు మీద ఉండదు, పొర మీద ఉంటుంది. మీ దగ్గర పగలు దారికి అడ్డంగా పారిన మంచునీళ్లు తెల్లవారేసరికి అద్దంలా గట్టిపడి, ఉత్త తడి రోడ్డులా కనిపించి మోసం చేస్తాయట. మా దగ్గర ఆ పని తొలి తుంపర చేస్తుంది. గట్టివాన వస్తే పొడి కొట్టుకుపోతుంది, పర్వాలేదు. నాలుగు చినుకులు రాలి ఆగితేనే ప్రాణసంకటం.

కాబట్టి మీ సైనికులు అక్కడ నేర్చిన విద్యే మావాళ్లు ఇక్కడ నేర్చారు. ముందు చక్రం బ్రేకు ముట్టుకోకు. ఇంజను మీదే వేగం తగ్గించు. మలుపులో బండి వంచకు. వెనక కూర్చున్నావిడను గట్టిగా పట్టుకోమని చెప్పు, కానీ ఊగొద్దని చెప్పు. ఆవిడ ఊగకుండా ఉండదు, అది వేరే సంగతి.

సైనైడ్ అనగానే బయటివాళ్లు హడలిపోతారు. నిజానికి ఎండకూ గాలికీ అది చాలావరకు విరిగిపోతుంది. హడలిపోవలసింది ఆ రాతిపొడిలోని సిలికాకు. ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. గనిలో పనిచేసిన తరం ఆ పొడి తెచ్చిన జబ్బుతోనే దగ్గి దగ్గి పోయింది. ఇప్పుడు గనిలోకి దిగకుండానే, పెట్రోలు మన డబ్బుతో పోయించుకుని మరీ పీలుస్తున్నాం.

కోలారు మీ సరిహద్దు కాదని ఫైలు తిప్పి పంపుతారేమో. దయచేసి ఆలోచించండి. ఇటు పోతే వి.కోట, కుప్పం, ఆంధ్ర. అటు పోతే తమిళనాడు. రెండు బళ్లు రాసుకుంటే మేం తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో పెంచి తమిళంలో రాజీ పడతాం. ఇంతకంటే సరిహద్దు ఎక్కడుంది?

జిల్లాలో మంచుకు ఇంకా రకాలున్నాయి. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మా చెరువులకు పంపే కె.సి. వ్యాలీ పథకం 2018లో మొదలైంది. ఆ కొత్తలోనే లక్ష్మీసాగర చెరువు నురగ కక్కింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. బెంగళూరులో బెళ్లందూరు చెరువు నురగ రోడ్డెక్కి బళ్లవాళ్లను ఆపిన దృశ్యం దేశమంతా చూసిందే. వేసవి చివర వడగళ్లు పడితే శ్రీనివాసపురం మామిడితోటలు ఏడుస్తాయి, ఆ పావుగంట రోడ్డు మీద ఉండేది మాత్రం అసలు సిసలు ఐసు. ఇక కోలారు మార్కెట్టుకు పోయే టమాటా బళ్ల నుంచి రాలి నలిగిన కాయల మీద జారినవాడు అది ఏ రంగు మంచో ఆలోచించే స్థితిలో ఉండడు. ఇన్ని ఉన్నాయని తెలిసే కాబోలు, హోండావారు మా నరసాపురలోనే మోటార్ సైకిళ్ల ఫ్యాక్టరీ పెట్టారు.

సొరంగం అడగడం లేదు. రోహ్‌తాంగ్ కనుమ కింద మీరు 9.02 కిలోమీటర్లు అడ్డంగా తవ్వారు. మా గనుల్లోని చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లకు పైగా నిలువునా తవ్వి, నీళ్లు నింపుకుని కూర్చున్నాం.

ఒక్క తొందర ఉంది. ఆ దిబ్బల్లో టన్నుకు గ్రాము అటూఇటూ బంగారం మిగిలిందట. మళ్లీ తవ్వడానికి 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సరేనంది. ఇన్నేళ్లు వానకు పైన కాస్త పొరకట్టి, అక్కడక్కడ తుమ్మ మొలిచి అణిగి ఉన్న పొడిని యంత్రాలు పెళ్లగిస్తే, ఆ ఏటి ఆషాఢం ఎలా ఉంటుందో ఊహించుకోండి. తవ్వేవాళ్లెవరైనా తడిపి తవ్వాలి, లారీకి పట్టా కప్పాలి, గాలి వీచే వైపు చెట్లు ముందు పెంచి తర్వాత గునపం పట్టాలి. ఈ మాట మీ నోటి వెంట వస్తే ఢిల్లీలో వినపడుతుందని ఆశ. మీరు కొండదారుల్లో పెట్టే చమత్కారపు బోర్డులు కూడా నాలుగు పంపండి. రాసుకోవడానికి మాకు మూడు భాషలున్నాయి.

మీ పరిధి కాదంటే ఈ మనవి ఎవరికి పంపాలో ఒక ముక్క రాయించండి. గని కేంద్రానిది, నేల రాష్ట్రానిది, రోడ్డు నగరసభది. గాలి ఎవరిదో ఎవరూ ఒప్పుకోవడం లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
కె.ఏ. 08 బండివాడు