సున్నాకూ లెక్క చెప్పాల్సిందే!

జూలై వచ్చిందంటే మన ఊళ్లలో జిరాక్స్ షాపులన్నీ ఆడిటర్ ఆఫీసులైపోతాయి. నిన్నటిదాకా లామినేషన్లు చేసిన కుర్రాడే 'ఇచట ఐటీ రిటర్నులు వేయబడును' అని బోర్డు తగిలిస్తాడు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "నాకు పన్నే పడదు కదా, మరి రిటర్న్ ఎందుకు?"

మొన్న ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారూ అదే అడిగారు. నెలకు 45 వేల పింఛను. 12 లక్షల దాకా పన్ను లేదని 2025 బడ్జెట్ నాడు టీవీలో విన్నప్పటి నుంచీ ఆయన నిశ్చింతగా ఉన్నారు.

"మీకు రిటర్న్ తప్పనిసరి మాస్టారూ."

"12 లక్షలన్నారు కదరా!"

"అది రిబేటండీ. కొత్త పన్ను పద్ధతిలో 2025-26కి రిటర్న్ గీత 4 లక్షల దగ్గరే ఉంది. మీ పింఛను ఏడాదికి 5 లక్షల 40 వేలు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 4 లక్షల 65 వేలు. గీత దాటారు. పైనున్న 65 వేల మీద 5 శాతం, అంటే 3,250 రూపాయలు పన్ను పడింది. రిబేటులో మొత్తం పోయింది."

"పడిందీ అదే, పోయిందీ అదే. మధ్యలో నేనెందుకు?"

"పడి పోయిందని చెప్పడానికండీ. జూలై 31 దాటితే వెయ్యి ఫైను."

ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి, సున్నా ఆలస్యమైతే వెయ్యవుతుందన్న సూత్రం ఆ రోజే తెలిసింది.

పాత పద్ధతిలో ఉన్నవాళ్ల గీత ఇంకా కిందే: 2.5 లక్షలు, 60 ఏళ్లు నిండితే 3, 80 నిండితే 5. అదీ ఎల్ఐసీ, పీఎఫ్ లాంటి 80సీ మినహాయింపులు తీయకముందు లెక్క. "అవన్నీ పోను నాకు మిగిలిందేముంది?" అంటే కుదరదు. మిగిలింది ఎవరూ అడగలేదు, వచ్చింది అడుగుతున్నారు.

పోనీ, ఆదాయం గీత లోపలే ఉంది. అప్పుడైనా వదులుతారా? వదలరు. మన ఆదాయం గురించి మనం చెప్పేది సర్కారు నమ్మదు, మన కరెంటు మీటరు చెప్పేది నమ్ముతుంది. ఏడాదిలో కరెంటుకు లక్ష దాటి ఖర్చు పెడితే రిటర్న్. కరెంట్ అకౌంటులో కోటి దాటి వేస్తే రిటర్న్. సేవింగ్స్ ఖాతాల్లో 50 లక్షలు జమైతే రిటర్న్. వ్యాపారం 60 లక్షలు, వృత్తి రాబడి 10 లక్షలు దాటినా అంతే. విదేశీ ప్రయాణానికి 2 లక్షలు దాటి ఖర్చు పెట్టినా అంతే. డాలస్‌లో మనవణ్ని చూసి రావడానికి టికెట్లు తండ్రే కొనుక్కుంటే రిటర్న్ వేయాలి, కొడుకు కొనిస్తే అక్కర్లేదు. కొడుకు పిసినారితనం కూడా ఆదాయపు పన్ను పరిధిలోకి వస్తుందని ఇందుమూలంగా తెలియజేయడమైనది.

ఈ అనుమానం కొత్తదేం కాదు. 1990ల చివర్లో 'వన్ బై సిక్స్' అని ఒక పథకం ఉండేది. కారు, ఫోను, క్రెడిట్ కార్డు, క్లబ్బు సభ్యత్వం, విదేశీ ప్రయాణం, పెద్ద ఇల్లు... ఈ ఆరింటిలో ఒక్కటున్నా పట్నవాసి రిటర్న్ వేయాల్సిందే. 2006 బడ్జెట్లో దాన్ని ఎత్తేశారు. 2019లో ఆ అనుమానాన్నే మీటరు రీడింగుతో సహా వెనక్కి తెచ్చారు.

పొలం మీద ఎంత పండినా మాత్రం ఎవరూ అడగరు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, గీత లెక్కలోకీ రాదు. అందుకే మనలో కొందరు పెద్దమనుషులు కాలు కింద పెట్టకుండానే ఘనమైన సేద్యం చేస్తుంటారు. తెలుగు రాష్ట్రాల్లో పొలం మోటారుకు కరెంటు ఉచితం కాబట్టి ఆ మీటరూ వాళ్లను పట్టివ్వదు. బంగళాలో ఏసీల బిల్లు లక్ష దాటితే తప్ప!

మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కుర్రాడికి అమెరికా కంపెనీ పది షేర్లు ఇచ్చిందనుకోండి, గీతలతో పని లేదు. విదేశీ ఆస్తి ఉంటే రిటర్న్ ఖాయం. టీడీఎస్ 25 వేలు, 60 ఏళ్లు నిండినవారికి 50 వేలు కోసినా ఖాయమే. మన డబ్బు వాళ్ల దగ్గర పెట్టుకుని రమ్మంటున్నారు కాబట్టి వెళ్లడమే మేలు, రిఫండ్ వస్తుంది.

75 నిండినవారి మీద మాత్రం దయ తలిచారు. పింఛను, వడ్డీ తప్ప వేరే ఆదాయం ఉండకూడదు. రెండూ ఒకే బ్యాంకులో ఉండాలి. అదీ ప్రభుత్వం గుర్తించిన బ్యాంకై ఉండాలి. అక్కడ డిక్లరేషన్ ఇస్తే వాళ్లే పన్ను కోసుకుని రిటర్న్ బాధ తప్పిస్తారు. పక్క వీధి బ్యాంకులో అర శాతం ఎక్కువ వడ్డీకి ఆశపడి చిన్న డిపాజిట్ వేశారో, దయ రద్దు.

ఇక ఏ గీతా దాటనివాళ్లది 'స్వచ్ఛందం'. చట్టం వేయమనదు. ఇంటి అప్పుకు వెళ్తే బ్యాంకు మేనేజరు మూడేళ్ల రిటర్నులు అడుగుతాడు. వీసాకు వెళ్తే అక్కడా అడుగుతారు. షేర్లలో పోగొట్టుకున్న నష్టాన్ని వచ్చే ఎనిమిదేళ్ల లాభాల్లో సర్దుకోవాలన్నా గడువులోపు వేసి తీరాలి. సర్కారు నమ్మనివాడికి తప్పనిసరి, బ్యాంకు నమ్మనివాడికి స్వచ్ఛందం. అందుకే ఆటో నడిపే మనిషి కూడా జిరాక్స్ షాపు కుర్రాడికి ఫీజిచ్చి మరీ తన సున్నాను నమోదు చేయించుకుంటున్నాడు.

అయితే నిజంగా రిటర్న్ అక్కర్లేనివాడెవడు? ఆదాయం 4 లక్షల లోపు, ఏసీ లేదు, పాస్‌పోర్టు లేదు, షేర్లు లేవు, టీడీఎస్ లేదు, అప్పు అడిగే ఆలోచనా లేదు. అలాంటివాడు మీ వీధిలో ఉంటే వెంటనే తీసుకురండి. ముందు ఆయన పాన్ ఆధార్‌తో లింకయిందో లేదో చూద్దాం.