భ గణంలో ఏడ్చే కంప్యూటరు

బడిలో ఏ పనికి ఎవరు ఇన్‌చార్జి అన్నది అర్హతను బట్టి తేలదు, ఎవరు ఖాళీగా కనిపించారన్నదాన్ని బట్టి తేలుతుంది. లెక్కల మాస్టారికి పరీక్షలున్నాయి. సైన్సు మేడమ్‌కి ల్యాబుంది. డ్రిల్లు మాస్టారికి గ్రౌండుంది. చివరికి మిగిలినవి రెండే: కంప్యూటర్ గది తాళంచెవి, నేను. అలా సీతంపేట ఏజెన్సీలో పద్యాలు చెప్పుకునే తెలుగు పంతులు కంప్యూటర్లకు పెద్దదిక్కయ్యాడు. సంగతి ఊళ్లో పొక్కాక జిరాక్సు షాపు నుంచి నెట్ సెంటర్ దాకా అందరి ఫోన్లూ నాకే. పార్టు కావాలంటే పాలకొండ వెళ్లాలి, మెకానిక్ కావాలన్నా పాలకొండ నుంచే రావాలి. ఆయన వచ్చేలోపు ఎవరైనా చేయగలిగింది ఒక్కటే, వినడం.

వినడం నాకు తెలిసిన విద్యే. ముప్పూటలా ఛందస్సు చెప్పేవాడికి చెవి తప్ప వేరే పనిముట్టు ఏముంటుంది?

స్విచ్ నొక్కాక తెర వెలిగేలోపు కంప్యూటర్ తనను తాను తనిఖీ చేసుకుంటుంది. దీన్ని పోస్ట్ అంటారు, అంటే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్. ముందు లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ తన వోల్టేజీలు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, ఉన్నాయని మదర్‌బోర్డుకు కబురంపుతుంది. అప్పుడు ప్రాసెసర్ లేచి, బోర్డు మీదే ఉండే తొలి ప్రోగ్రాం బయోస్ చెప్పినట్టు మెమరీని, డిస్‌ప్లేని, కీబోర్డుని వరసగా పలకరిస్తుంది. తెర ఇంకా లేవకముందే తేడా కనిపిస్తే ఆ సంగతి తెర మీద రాసే వీల్లేదు కదా, అందుకని కూస్తుంది. తెర లేచాక తేడా కనిపిస్తే అక్షరాల్లో చెబుతుంది. తేడాని కూతతో చెబితే జబ్బు మొదట్లోనే ఉందనీ, అక్షరాలు వస్తే కొంత దూరం నడిచాక ఆగిందనీ అర్థం. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం వైద్యం వచ్చినట్టే.

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ బయటికొచ్చినప్పుడే దాని కూతలకు అర్థాలు పెట్టారు. ఒక పొట్టి కూత వస్తే అంతా క్షేమం. ఒక పొడుగు, రెండు పొట్టి వస్తే డిస్‌ప్లే కార్డులో తేడా. పొడుగు గురువు, పొట్టి లఘువు అనుకోండి. గురువు, లఘువు, లఘువు: తొమ్మిదో తరగతి పిల్లాడు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు, భ గణం. తర్వాత వచ్చిన అవార్డ్ బయోస్ కూడా డిస్‌ప్లే కష్టాన్ని భ గణంలోనే చెప్పుకుంది. ఆమీ బయోస్ పాత పద్ధతిలో లఘువులు లెక్కపెట్టుకోవాలి: మూడు వస్తే, అంటే న గణమైతే, మెమరీ మొదటి 64 కేబీలో లోపం, ఐదైతే ప్రాసెసర్, ఎనిమిదైతే డిస్‌ప్లే మెమరీ. ఆ ఆమీ కంపెనీని 1985లో అమెరికాలో పెట్టినవాళ్లలో ఒకరు మనవారే, సుబ్రమణియన్ శంకర్. ఇక ఫీనిక్స్ వాళ్లది మరో దారి. ఒకటి, మూడు, నాలుగు, ఒకటి అని మధ్యమధ్య ఆగుతూ నాలుగు విడతలుగా కూస్తుంది. అంటే మెమరీ, అదే ర్యామ్, అడ్రస్ లైన్లో లోపం. యతి ఎక్కడ పడిందో పట్టుకోలేనివాడు ఫీనిక్స్ జోలికి పోకూడదు. ఇన్ని సంప్రదాయాలున్నాయి కాబట్టి, కూత వినేముందు ఆ బోర్డు మీద ఎవరి బయోస్ ఉందో కనుక్కోవడం మర్యాద.

ఇదంతా బోర్డు మీద సుద్దముక్కతో రాసి చూపిస్తే బాగానే ఉంటుంది. ఫోనులో వచ్చేసరికి కథ మారిపోతుంది. మా ఊళ్లో సోమవారం సంత. కొండల మీంచి జనం దిగే ఆ రోజే జిరాక్సు షాపులకు గిరాకీ, ఆ రోజే కంప్యూటర్లకు రోగం.

"మాస్టారూ, కంప్యూటరు కూస్తన్నాదండి."

"ఎలా కూస్తోంది తమ్ముడూ?"

"గట్టిగా కూస్తన్నాదండి."

"గట్టి సంగతి కాదయ్యా. పొడుగ్గానా, పొట్టిగానా?"

"కోపంగానండి."

"ఫోను దాని దగ్గర పెట్టు."

పెట్టాడు. నాకు సంత మొత్తం వినబడింది. అనాసపళ్ల బేరం, ఆటో హారను, ఎవరో ఎవరినో పాలకొండ బస్సు ఎక్కమని తిట్టడం. కూత తప్ప అన్నీ వచ్చాయి.

"సరే, అదెలా అంటోందో నువ్వే నోటితో అను."

"బీఁఁ... బి, బి."

"భ గణం! ప్లగ్గు పీకేసి, గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి, దుమ్ము తుడిచి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టు."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత చాలా దిగులుగా అడిగాడు: "బగనం అంటే ఎంతవుతాదండి? పాలకొండలో దొరుకుతాదా, ఇశాపట్నం ఎల్లాలా?"

దీర్ఘమెక్కడ, హ్రస్వమెక్కడ అని చెవి రిక్కించి వినడం ఈ కొండలకు కొత్తేం కాదు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు ఈ కొండల్లోని గిరిజనులైన సవరల నోటి నుంచి విని విని, వాళ్ల భాషకు 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చుకెక్కించారు. ఆయనా పంతులే, నేనూ పంతులునే. ఆయన మనుషుల్ని విన్నారు, నేను రేకు డబ్బాని వింటున్నాను. విద్య ఎంత అభివృద్ధి చెందిందో చూడండి. నాకన్నా మా సవర పిల్లల చెవులు చురుకు. ఇంట్లో ఒక భాష, బళ్లో ఒక భాష, పుస్తకంలో మరొకటి వినే పిల్లలకు ఒక కంప్యూటర్ కూత పట్టుకోవడం ఓ లెక్కా? ఒకడు మెమరీ లోపాన్ని ఎంత చక్కగా కూసేవాడంటే, హెడ్మాస్టరు గారు పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చి మెయిన్ ఆపేశారు.

కూతల కథ ఇలా ఉంటే, తెర మీద రాతల కథ మరోలా ఉంటుంది. కీబోర్డు వైరు ఊడిపోయినప్పుడు పాత కంప్యూటర్లు చూపించే సందేశం ప్రపంచ ప్రసిద్ధం: కీబోర్డ్ లేదు, కొనసాగాలంటే ఎఫ్1 నొక్కండి. లేని కీబోర్డు మీద ఎఫ్1 ఎలా నొక్కాలన్నది వేదాంతులు తేల్చాల్సిన విషయం. నిజానికి దాని ఉద్దేశం, ముందు వైరు పెట్టండి బాబూ, తర్వాత నొక్కండి అని. కానీ హెచ్చరికలో మనవాళ్లు చదివేది ఆ చివరి మాట ఒక్కటే. సీపీయూ ఫ్యాన్ తిరగడం లేదని రాస్తే ఎఫ్1. గడియారం పోయిందని రాస్తే ఎఫ్1. ఒక షాపులో ఆ ఒక్క మీట మీద అక్షరం పూర్తిగా అరిగిపోయింది. ఇదేం మీట అని అడిగితే, "అది నొక్కితేనే కంప్యూటరు వస్తాదండి" అన్నాడు ఓనరు. ఆయన దృష్టిలో అది స్టార్టు బటను.

గడియారం పోవడమంటే బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోవడం. దాని పేరు సీఆర్2032. ఆ అంకెల్లోనే కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. ఇచ్చేది మూడు వోల్టులు. కరెంటు లేనప్పుడు తేదీని కాపాడేది అదే. అది చచ్చిపోతే కంప్యూటర్ ప్రతి ఉదయం బోర్డు పుట్టిన కాలానికి వెళ్లి అక్కడ కళ్లు తెరుస్తుంది. ఒకచోట అలాంటిదాన్ని చూశాను. రోజూ 2009 జనవరి ఒకటిన లేచేది. 2022 ఏప్రిల్ 4న మా మండలం శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. బయట బోర్డు మార్చారు, స్టాంపు మార్చారు, లెటర్ ప్యాడ్ మార్చారు. ఆ కంప్యూటరు మాత్రం ఇంకా శ్రీకాకుళం జిల్లాలోనే కాపురం చేస్తోంది. వెబ్‌సైట్లు తెరవబోతే, భద్రతా పత్రం ఇంకా అమల్లోకే రాలేదంటూ ఒక్కటీ లోపలికి రానివ్వదు. వాళ్లు నెట్ కంపెనీని తిట్టుకుంటూ ఎఫ్1 నొక్కుతున్నారు. బిళ్ల మార్చి తేదీ సరిచేశాక, ఏ ధర్నా లేకుండానే ఆ కంప్యూటరు జిల్లా మారింది.

వానాకాలం వచ్చిందంటే మాకు మెమరీ సీజన్. కొండల మీద మబ్బు దిగి నాలుగు రోజులు అక్కడే కూర్చుంటుంది. గోడలు చెమరుస్తాయి, పుస్తకాలు ఉబ్బుతాయి, ర్యామ్ ముక్క అంచున బంగారు పూత పళ్లు మసకబారతాయి. అప్పుడు కంప్యూటర్ ఆగకుండా కూయడం మొదలెడుతుంది. దీనికి మందు పిల్లల జామెట్రీ బాక్సులో ఉంది, తెల్ల రబ్బరు. ప్లగ్గు పీకాలి. ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు పోవడానికి క్యాబినెట్ రేకును ఓసారి ముట్టుకోవాలి. రెండు పక్కల క్లిప్పులు విప్పి ర్యామ్‌ని అంచులు పట్టుకుని పైకి తీయాలి. పళ్ల మీద రబ్బరుతో మెల్లగా, ఒకే వైపుకి రుద్దాలి. నల్లటి మరక రబ్బరుకి అంటుకుని, కింద పసుపు మెరుస్తుంది. రబ్బరు పొట్టు దులిపి, గాడి చూసుకుని, రెండు చివర్లూ టక్కుమనేదాకా నొక్కాలి. స్విచ్ వేస్తే ఒక లఘువు, తర్వాత తెర. చుట్టూ నిలబడ్డ పిల్లలు చప్పట్లు కొడతారు. ఏ పద్యం చదివినా నాకు అన్ని చప్పట్లు రాలేదు.

కొన్నిసార్లు కూతా ఉండదు, రాతా ఉండదు. స్విచ్ వేస్తే ఏమీ జరగదు. అప్పుడు అనుమానించాల్సింది ఎస్ఎంపీఎస్‌ని. దాని గాలి కంతల్లోంచి వెచ్చదనానికి బల్లులు దూరతాయి. విప్పి చూస్తే రెండు తీగల మధ్య వంతెన కట్టి, తనూ పోయి దాన్నీ తీసుకుపోయిన బల్లి ఉంటుంది. బల్లి ఒంటి మీద ఎక్కడ పడితే ఏం ఫలమో పంచాంగంలో పట్టిక ఉంది. ఎస్ఎంపీఎస్ మీద పడితే ఫలం ఏమిటో ఏ సిద్ధాంతీ రాయలేదు. నేను రాస్తున్నాను: ధననష్టం, పాలకొండ ప్రయాణం.

వీటన్నిటిలో నేను నిజంగా భయపడే చప్పుడు ఒకటుంది. అది బీప్ కాదు. హార్డ్ డిస్కు లోపల టిక్కు... టిక్కు... టిక్కుమనడం. డిస్కు పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంటే, దాని మీద తల కొన్ని నానోమీటర్ల ఎత్తున, వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు దూరంలో తేలుతూ ఉంటుంది. దారి దొరకనప్పుడు తల వెనక్కి పోయి మళ్లీ వెతుకుతుంది. ఆ టిక్కు అదే. కొన్ని డిస్కులు, తమ ఆరోగ్యాన్ని తామే గమనించుకునే స్మార్ట్ ఏర్పాటు పుణ్యమా అని, మర్యాదగా ముందే తెర మీద రాస్తాయి: స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ తీసి మార్చండి. కింద మళ్లీ ఆ పాడు ఎఫ్1. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల జాతకాలు పరిశీలించారు. తొలిసారి స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్కు తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, అలాంటి ఎర్రర్ లేనిదానికన్నా 39 రెట్లు ఎక్కువట. ఇంకో మాట కూడా చెప్పారు: పాడైనవాటిలో 36 శాతానికి పైగా డిస్కులు స్మార్ట్‌లో ఒక్క సూచన కూడా చూపకుండానే పోయాయి. కాబట్టి టిక్కుమంటే ఆపేయడం, ముఖ్యమైనదాన్ని ముందు కాపీ చేసుకోవడం; టిక్కుమనకపోయినా కాపీ ఉంచుకోవడం. ఇది చెబితే షాపతను, "మొన్నటిదాకా బాగానే పన్జేసింది కదండీ" అంటాడు. పాడయ్యే ప్రతి వస్తువూ మొన్నటిదాకా బాగానే పనిచేసి ఉంటుంది తమ్ముడూ, అదే దాని చరిత్ర.

కూసే కంప్యూటర్ని చూసి జనం ఎందుకు విసుక్కుంటారో నాకిప్పటికీ అర్థం కాదు. తనకేమైందో చెప్పుకునే రోగి దొరకడం ఏ వైద్యుడికైనా అదృష్టం. యూపీఎస్ కూస్తే దాని మీద తువ్వాలు కప్పినవాళ్లున్నారు. బీప్ వైరు పీకేసి, రిపేరు అయిపోయిందని సంతోషించినవాళ్లున్నారు.

ఇప్పుడొచ్చే బోర్డుల్లో చాలావాటికి అసలు ఆ బుల్లి స్పీకరే ఇవ్వడం లేదు. కొన్నిటి మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి. ఎక్కడ ఆగిందో ఆ దీపం వెలుగుతుంది, అదీ డబ్బా విప్పి చూసినవాడికే. మా ల్యాబుకీ అలాంటి మౌనస్వాములే వచ్చాయి. బోర్డు మీద స్పీకర్ పెట్టుకునే పిన్నులు మాత్రం ఉన్నాయి. టీ ఖర్చుకి వచ్చే స్పీకర్లు కొనమని పైఆఫీసుకి ఇండెంటు పెట్టాను. అది ఎర్ర సిరాతో తిరిగొచ్చింది: "కంప్యూటర్లన్నీ పనిచేయుచున్నవి కదా, స్పీకర్లు ఎందులకు?"

కింద నీలం సిరాతో రాసి పంపాను: "పనిచేయనప్పుడు ఆ సంగతి తామే చెప్పుకొనుటకు."

ఫైలు ఇంకా పైనే ఉంది. అక్కడా ఎవరో ఎఫ్1 నొక్కి ఉంటారు.